పొగతోటలో ఎం.ఎస్. బ్రెయిన్ స్కాన్: తెల్ల మచ్చలు లెక్కపెడతారు, పైపొరను అడిగితేనే చూస్తారు

నెల్లూరు పొగతోటలో ఉన్న ఒక స్కాన్ సెంటర్‌లో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్., మెదడు, వెన్నుపాముల్లోని నాడీతంతువులను దెబ్బతీసే జబ్బు) రోగులకు తీసే బ్రెయిన్ ఎంఆర్ఐ మీద ఈ సమీక్ష. సెంటర్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు ఆ ఒక్క చోటివే కావు. తలనొప్పికీ, పక్షవాతానికీ, ఎం.ఎస్.కీ ఒకే ప్రోటోకాల్ (ఏయే బొమ్మలు ఏ కొలతలతో తీయాలన్న పద్ధతి) నడిపే సెంటర్ ఏ ఊళ్లో ఉన్నా ఇవే ఎదురవుతాయి. పరిశీలించింది 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషీన్ మీద తీసిన స్కాన్లు, వాటి ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు. ఐదుకి మూడు మార్కులు. జబ్బును మొదటిసారి పట్టుకోవడానికి ఈ సేవ సరిపోతుంది. మందు మొదలయ్యాక ఏటేటా జబ్బు ఎటు పోతోందో చూసుకోవడానికి మాత్రం, మనం అడిగి చేయించుకోకపోతే, చాలదు.

తేడా వచ్చేది మెదడు పైపొర దగ్గర. రిపోర్టు చివర "కొత్త మచ్చలు లేవు, పాతవి అలాగే ఉన్నాయి" అని ఒక లైను ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని "జబ్బు ఆగిపోయింది" అని చదువుకుంటారు. ఆ లైను తప్పు కాదు, కానీ అది మాట్లాడేది తెల్ల పదార్థం, అంటే పైపొర కింద నాడీతంతువులు ఉండే భాగం గురించే. మెదడు మీద రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందాన ముడతలు ముడతలుగా పరుచుకున్న కార్టెక్స్‌లో, అంటే ఆలోచనకు పనికొచ్చే నాడీకణాలు కొలువుండే చోట, ఏం జరుగుతోందో మామూలు స్కాన్‌కు చాలావరకు అందదు. ముప్పై ఏళ్ల అమ్మాయి చిల్లర లెక్క తప్పుతోందనీ, చెప్పిన పని మరిచిపోతోందనీ ఇంట్లో మాటలు పడుతుంటే, "స్కాన్ బాగానే ఉంది గదా, నీకేమైంది" అన్న మాట ఆమెకు చేసే అన్యాయం చిన్నది కాదు. అందుకని సేవను తూచే ముందు ఆ పైపొర సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

పైపొరలో జరిగేది

ఎం.ఎస్. అంటే మైలిన్ జబ్బు అనే చాలాకాలం చెప్పుకున్నారు. నాడీతంతువు చుట్టూ ఉండే కొవ్వు తొడుగు మీద మన రోగనిరోధక కణాలే దాడి చేస్తాయి, సంకేతం నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. ఇది నిజమే గానీ సగం నిజం. చనిపోయిన రోగుల మెదళ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 1998లో ప్రచురించిన లెక్క ప్రకారం, తెల్ల పదార్థంలో చురుగ్గా ఉన్న మచ్చల్లో ఒక్కో ఘన మిల్లీమీటరుకు 11,000కు పైగా తెగిపోయిన ఆక్సాన్లు (నాడీతంతువులు) ఉన్నాయి. జబ్బు లేని మెదడులో ఆ సంఖ్య ఒకటికి కూడా చేరలేదు. తొడుగొక్కటే కాదు, తంతువే తెగుతోందన్నమాట. అలా తెగిన ఆక్సాన్లలో చాలావాటి మూలకణం కార్టెక్స్‌లో ఉంటుంది. కింద తంతువు తెగితే పైన కణం కుంచించుకుపోతుంది, దాని కొమ్మలు తగ్గుతాయి. కార్టెక్స్‌కు ఒక దెబ్బ ఇలా కిందినుంచి తగులుతుంది.

రెండో దెబ్బ పైనుంచి. మెదడును కప్పి ఉండే పలుచని పొరల్లో, ముఖ్యంగా ముడతల లోతుల్లో, బి కణాలు, టి కణాలు అనే రోగనిరోధక కణాలు గుమిగూడతాయి. సెకండరీ ప్రోగ్రెసివ్ దశకు (దాడులతో పనిలేకుండా జబ్బు నెమ్మదిగా ముదిరే దశకు) చేరిన కొందరిలో ఇవి లింఫ్ గ్రంథుల్లోని ఫాలికిళ్లను పోలిన గుత్తులు కడతాయి. అక్కడ తయారయ్యే టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి రసాయనాలు, శ్లాబు మీద నిలిచిన నీళ్లు కింది గదిలోకి చెమ్మగా దిగినట్టు, పైనుంచి లోపలికి ఇంకుతాయి. అందుకే కార్టెక్స్‌లోని ఆరు వరుసల్లో పై వరుసలకు నష్టం ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు కూడా పై వరుసల్లోనే ఎక్కువ రెచ్చిపోయి ఉంటాయి.

కార్టెక్స్ మచ్చలను నాలుగు రకాలుగా విడదీస్తారు. మొదటి రకం కార్టెక్స్‌లోనూ, దాని కింది తెల్ల పదార్థంలోనూ కొంత కొంత పరుచుకుంటుంది. రెండోది చిన్న రక్తనాళం చుట్టూ పూర్తిగా కార్టెక్స్ లోపలే ఉంటుంది. మూడోది మెదడు ఉపరితలం నుంచి మొదలై లోపలికి దిగుతుంది, ఒక్కోసారి పక్కపక్క ముడతలకు కూడా పాకుతుంది. సబ్‌పియల్ మచ్చ అంటారు. నాలుగోది కార్టెక్స్ మందం మొత్తాన్నీ ఆక్రమించినా తెల్ల పదార్థంలోకి దాటదు. మరణానంతర పరీక్షల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మూడో రకం. స్కాన్‌లో అన్నిటికంటే తక్కువగా కనిపించేదీ అదే. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది.

ఇక కణం లోపల. తొడుగు పోయిన ఆక్సాన్ పొడవునా సోడియం చానెళ్లు చెల్లాచెదురవుతాయి. లోపలికి చొరబడిన సోడియంను బయటికి తోడెయ్యడానికి కణానికి మునుపటికంటే ఎక్కువ ఏటీపీ, అంటే శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే, వాపు వల్ల పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ రాడికల్స్ దెబ్బకు ఆ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కుంటుపడతాయి. ఖర్చు పెరిగింది, రాబడి తగ్గింది. సోడియం పేరుకుపోతుంది, సోడియంను లోపలికి రానిచ్చి కాల్షియంను బయటికి పంపే మార్పిడి పంపు వెనక్కి తిరిగి పనిచేస్తుంది, కాల్షియం లోపల నిండుతుంది. కాల్షియం కాల్పెయిన్ లాంటి ఎంజైములను లేపుతుంది, అవి కణం అస్థిపంజరాన్ని కోసేస్తాయి. చుట్టూ గ్లుటమేట్ మోతాదు మించి ఉండడం దీనికి తోడు. కణం చనిపోకముందే సినాప్సులు (కణానికీ కణానికీ మధ్య సంకేతం దాటే అతుకులు) రాలిపోవడం మొదలవుతుంది, కాబట్టి కణాల సంఖ్య బాగానే ఉన్నట్టు కనిపించే చోట కూడా పని తగ్గి ఉండొచ్చు.

అన్ని నాడీకణాలూ ఒకేలా దెబ్బతినవు. ఒక్కో కణం కేంద్రకంలోని ఆర్ఎన్ఏను విడివిడిగా చదివే పద్ధతితో 2019లో వచ్చిన అధ్యయనం, రెండు మూడు వరుసల్లో ఉండే సీయూఎక్స్2 అనే గుర్తున్న ఉత్తేజక కణాలే ఎక్కువగా నశిస్తున్నాయనీ, నిరోధక కణాలు చాలావరకు మిగులుతున్నాయనీ చూపింది. ఈ సీయూఎక్స్2 కణాలు కార్టెక్స్‌లో ఒక భాగాన్ని మరో భాగంతో కలుపుతాయి. అవి తగ్గితే చెయ్యీ కాలూ పడిపోవు. ఆలోచన నెమ్మదిస్తుంది, రెండు పనులు ఒకేసారి పట్టుకోవడం కష్టమవుతుంది, మాట అందదు, సాయంత్రానికి బుర్ర అలిసిపోతుంది. కొద్దిమందిలో ఫిట్స్ వస్తాయి. మామూలు జనంతో పోలిస్తే ఎం.ఎస్. ఉన్నవాళ్లలో ఫిట్స్ ఎక్కువే.

ఇదంతా ముదిరిన జబ్బు లక్షణం అనుకుంటే పొరపాటు. తొలి దశలో బయాప్సీ చేసిన 138 మంది నమూనాలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 38 శాతం మందికి అప్పటికే కార్టెక్స్‌లో మైలిన్ పోయి ఉంది. ఒక మంచి సంగతీ ఉంది. తెల్ల పదార్థంతో పోలిస్తే కార్టెక్స్‌లో మైలిన్ తిరిగి ఏర్పడడం మెరుగ్గా జరుగుతుంది. మందు త్వరగా మొదలుపెట్టమని న్యూరాలజిస్టులు తొందరపెట్టడానికి ఇవన్నీ కలిసి కారణం.

స్కాన్‌కు ఎందుకు అందదు

ఇక్కడి ఫిల్ము ఒకటి లైట్‌కు ఎదురుగా పట్టుకుని, ప్రతి బొమ్మ మూలన ఉండే సన్నని అక్షరాలు చదవండి. ఫ్లెయిర్ (ద్రవాన్ని నల్లగా, మచ్చలను తెల్లగా చూపే ఎంఆర్ఐ బొమ్మ) మూలన స్లైస్ మందం 5.0, మధ్య ఖాళీ 1.5 అని ఉంది. అంటే ఐదు మిల్లీమీటర్ల పలకలో ఉన్నదంతా కలిపి ఒకే బొమ్మ, ఆ తర్వాత ఒకటిన్నర మిల్లీమీటరు అసలు చూడనే లేదు. రెండున్నర మిల్లీమీటర్ల కార్టెక్స్‌లో సగం మందాన్ని పట్టిన సబ్‌పియల్ మచ్చ ఆ పలకలో ద్రవంతోనూ, తెల్ల పదార్థంతోనూ కలిసిపోయి మాయమవుతుంది. పక్షవాతం చూడ్డానికి ఈ కొలతలు చాలు. ఎం.ఎస్.కు చాలవు. 2021లో యూరప్, అమెరికా నిపుణుల బృందాలు కలిసి ఇచ్చిన సిఫార్సుల్లో మెదడంతా ఒకే దిమ్మగా తీసే త్రీడీ ఫ్లెయిర్‌కే మొదటి స్థానం, ఒక మిల్లీమీటరు కొలతతో. పలకలు పలకలుగా తీసే టూడీ తప్పకపోతే మూడు మిల్లీమీటర్లకు మించని మందం, మధ్యలో ఖాళీ లేకుండా. మెషీన్ కనీసం 1.5 టెస్లా, వీలైతే 3 టెస్లా.

ఈ సెంటర్ మెషీన్‌లో త్రీడీ ఫ్లెయిర్ ఉంది. చీటీలో రాసి ఉంటే తీస్తారు, అదనంగా డబ్బులూ అడగలేదు. రాయకపోతే తీయరు. పట్టేది మరో ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాలు ఆదా చేసినందుకే ఒక మార్కు కోత.

మందం సరిచేసినా చిక్కు పూర్తిగా తీరదు. కార్టెక్స్‌లో మొదటినుంచీ మైలిన్ తక్కువ, అందులోనూ పై వరుసల్లో ఇంకా తక్కువ. ఉన్న కొద్దీ పోయినా బొమ్మలో తెలుపు నలుపుల తేడా పెద్దగా మారదు. పైగా తెల్ల మచ్చలో ఉన్నంత వాపు, నీరు, టి కణాల గుంపు కార్టెక్స్ మచ్చలో ఉండవు. రక్తనాళాల అడ్డుగోడ కూడా చాలావరకు చెక్కుచెదరదు, అందుకని గాడోలినియం ఇంజెక్షన్ (చురుకైన మచ్చను వెలిగించే కాంట్రాస్ట్ మందు) ఇచ్చినా ఇక్కడి మచ్చ వెలగడం అరుదు. "కాంట్రాస్ట్ ఎక్కలేదు, జబ్బు చురుగ్గా లేదు" అని రిపోర్టులో రాస్తే అది తెల్ల పదార్థం వరకే చెల్లుతుంది.

పైపొరను కొంతైనా చూపే పద్ధతి డబుల్ ఇన్వర్షన్ రికవరీ, ముద్దుగా డీఐఆర్. రెండు ఇన్వర్షన్ పల్సులతో ద్రవాన్నీ, తెల్ల పదార్థాన్నీ రెంటినీ నల్లగా చేసేస్తారు. మిగిలేది బూడిద రంగు కార్టెక్స్ ఒక్కటే. అందులో మచ్చ ఉంటే తెల్లగా తేలుతుంది. మామూలు టీ2 బొమ్మ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కార్టెక్స్ మచ్చలు దీనితో బయటపడతాయి. ఇది కూడా మొదటి రకాన్ని బాగా, రెండో రకాన్ని కొంత, సబ్‌పియల్‌ను అంతంత మాత్రంగానే చూపుతుంది. 7 టెస్లా పరిశోధన మెషీన్లు ఇంకాస్త నయం.

డీఐఆర్ తీయడం వచ్చినంత తేలిక కాదు చదవడం. సిగ్నల్ బలహీనం కాబట్టి 1.5 టెస్లా మీద బొమ్మ గరగరగా వస్తుంది. ముడతల్లో పారే రక్తనాళాలు తెల్లని గీతల్లా మెరిసి మచ్చల వేషం వేస్తాయి. తల కొంచెం కదిలినా కార్టెక్స్ అంచున నీడ గీత పడుతుంది. అందుకని 2011లో నిపుణులు కుదుర్చుకున్న నియమం ప్రకారం చుట్టూ ఉన్న కార్టెక్స్ కంటే స్పష్టంగా తెల్లగా ఉండి, కనీసం మూడు పిక్సెళ్ల వైశాల్యం ఉన్నదాన్నే మచ్చగా లెక్కించాలి. ఈ సెంటర్ వాళ్లకు డీఐఆర్ తీయడం తెలుసు. ఒక స్కాన్‌లో చక్కగా తీశారు కూడా: కుడి ఫ్రాంటల్ ముడత ఒకదాని గట్టున, కార్టెక్స్‌నూ కింది తెల్ల పదార్థాన్నీ కలిపి పట్టుకున్న చిన్న తెల్లని చుక్క, పక్కనే దాని మీదుగా పోయే నాళం సన్నని గీతగా వేరుగా కనబడుతూ. సీడీలో ఆ బొమ్మ ఉంది. రిపోర్టులో మాత్రం డీఐఆర్ ప్రస్తావనే లేదు. తీసిన బొమ్మను చదవకుండా రిపోర్టు పంపడం కంటే పెద్ద తప్పు ఈ సేవలో మరొకటి కనిపించలేదు.

ఆ చుక్కను రాయకుండా వదిలేయడం చిన్న సంగతి కాదు. ఎం.ఎస్. నిర్ధారణకు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్లో 2017 నాటివి కార్టెక్స్ మచ్చను, దానికి ఆనుకుని ఉండే జక్స్టాకార్టికల్ మచ్చను ఒకే గంప కింద చేర్చాయి. అంతకుముందు 2010 ప్రమాణాల్లో రెండోదానికే చోటుండేది. 2017 ప్రమాణాల ప్రకారం జబ్బు నాలుగు చోట్లలో కనీసం రెండింట ఉందని చూపాల్సినప్పుడు ఆ ఒక్క చుక్క రోగ నిర్ధారణనే మార్చేయగలదు. పైగా మన దగ్గర ఎం.ఎస్.తో తరచూ పొరబడే న్యూరోమైలిటిస్ ఆప్టికాలో (కంటి నరం, వెన్నుపాము మీద దాడి చేసే వేరే జబ్బు) కార్టెక్స్‌లో ఇలా మైలిన్ పోవడం కనిపించదు. ఆ రెండు జబ్బుల మందులు వేరు; ఎం.ఎస్.కు ఇచ్చే కొన్ని మందులు ఆ జబ్బును ఎక్కువ చేస్తాయి. అనుమానం ఉంటే ఆక్వాపోరిన్-4, ఎంఓజీ యాంటీబాడీ రక్తపరీక్షలు సెల్ బేస్డ్ పద్ధతిలోనే చేయించాలి.

దీనికి ఎదురు తప్పు కూడా ఈ రిపోర్టుల్లో ఉంది. యాభై అయిదేళ్లు, బీపీ, షుగరు ఉన్న మనిషి తెల్ల పదార్థంలో నాలుగు చుక్కలు కనబడగానే "డీమైలినేషన్ (మైలిన్ పోవడం) కావచ్చు" అని రాసేస్తారు. చిన్న నాళాలు బిగుసుకుపోయి వచ్చే ఆ చుక్కలు సాధారణంగా కార్టెక్స్ జోలికీ, దాన్ని ఆనుకున్న యూ-తంతువుల జోలికీ పోవు. ఆ రెండు చోట్లూ చూసి రాస్తే ఆ కుటుంబానికి నెలల ఆందోళన తప్పుతుంది.

టేబుల్ మీద

మనుషుల సంగతికొస్తే ఈ సెంటర్‌కు నిండు మార్కులు. టెక్నీషియన్లు ఓపికమంతులు. "కదలబాకమ్మా, ఇంకో ఐదు నిమిషాలే" అని ప్రతి సీక్వెన్సుకూ (ఒక్కో రకం బొమ్మల వరసకూ) ముందు మైకులో చెబుతారు; భయపడేవాళ్లకు ఆ ఒక్క మాట ఎంతో ధైర్యం. చెవుల్లో దూది, పైన హెడ్‌ఫోన్ రెండూ పెడతారు. మోకాళ్ల కింద దిండు మాత్రం అడిగితేనే ఇస్తున్నారు. ఎం.ఎస్. రోగికి అది సౌకర్యం కోసం కాదు. కాళ్లు బిగుసుకునేవాళ్లు చాపి పడుకుంటే పది నిమిషాలకు కండరం గుంజుతుంది, కాలుతో పాటు తలా కదులుతుంది, డీఐఆర్ పాడవుతుంది. అలాగే మూత్రం ఆపుకోలేని సమస్య వీళ్లలో చాలామందికి ఉంటుంది. త్రీడీ ఫ్లెయిర్, డీఐఆర్, కాంట్రాస్ట్ అన్నీ కలిపితే ముప్పావుగంట దాకా పడుతుంది, వెన్నుపాము కూడా తీస్తే ఇంకా ఎక్కువ. పడుకోబెట్టే ముందే బాత్రూముకు పంపడం ఒక నియమంగా పెట్టుకోవాలి.

లోహం తనిఖీ జాగ్రత్తగా చేస్తున్నారు. తాళి, గాజులు, మెట్టెలు తీయించడం అందరూ చేసేదే. తాళికి గుచ్చిన పిన్నీసులు, సవరంలో దాగిన పిన్నులు కూడా ఆయమ్మ వెతికి తీస్తోంది. ఉక్కు పిన్నీసు అయస్కాంతానికి లాగబడుతుంది, తల దగ్గరుంటే బొమ్మలో నల్లని గుంట కూడా పడుతుంది. ఒక ప్రశ్న మాత్రం వాళ్ల ఫారంలో లేదు. చీమకుర్తి వైపు నుంచి వచ్చేవాళ్లలో కటింగ్, గ్రైండింగ్, వెల్డింగ్ పనులు చేసినవాళ్లుంటారు. ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే ముందు కంటి ఎక్స్‌రే తీసి, ఏమీ మిగల్లేదని తేలాకే మెషీన్‌లోకి పంపాలి. ఆ ప్రశ్న కలపమని కౌంటర్లో చెప్పాం.

కాంట్రాస్ట్ విషయంలో రెండు లోపాలు. మోతాదు సరిగ్గానే ఇస్తున్నారు: కిలోకు 0.1 మిల్లీమోల్. మామూలు గాఢత మందైతే కిలోకు 0.2 మిల్లీలీటర్లు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీలీటర్లు. గాడోబ్యూట్రాల్ రెట్టింపు గాఢం కాబట్టి అదే మనిషికి 6 చాలు. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) అడుగుతున్నారు, మంచిదే. కానీ సూది వేసిన రెండు నిమిషాలకే టీ1 బొమ్మ మొదలుపెట్టేశారు. మందు మచ్చలోకి చేరడానికి కనీసం ఐదు నిమిషాలు, వీలైతే పది ఆగాలి. లేకపోతే సన్నగా వెలిగే మచ్చ తప్పిపోతుంది. ఆ వ్యవధిని వృథా చేయనక్కర్లేదు, త్రీడీ ఫ్లెయిర్‌ను ఆ సందులోనే తీయొచ్చు. రెండో లోపం: ఏడాదికొకసారి వచ్చే పాత రోగికి కూడా అడక్కుండానే కాంట్రాస్ట్ బిల్లు వేస్తున్నారు. వరుసగా ఒకేలా తీసిన పాత స్కాన్లుంటే కొత్త మచ్చ ఫ్లెయిర్‌లోనే తెలుస్తుంది, గాడోలినియం అక్కర్లేదు. మొదటి నిర్ధారణకు కావాలి. రిలాప్స్ (జబ్బు మళ్లీ దాడి) అనుమానంగా ఉంటే డాక్టరు చెబుతారు. గర్భిణులకు ఇవ్వరు. ఇంకో మాట, మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు ఎక్కించాక తీస్తే మచ్చ వెలుగు తగ్గిపోతుంది. కాంట్రాస్ట్ కావాలనుకుంటే స్టెరాయిడ్‌కు ముందే తీయించాలి. చూపు మసకబారినా నడక ఆగినా స్కాన్ కోసం మందు ఆలస్యం చేయొద్దు.

పోల్చి చూడడం

రెండు స్కాన్లను పక్కపక్కన పెట్టి చూడడమే ఏటేటా స్కాన్ అసలు ప్రయోజనం. ఇక్కడే రోగులు చాలా నష్టపోతున్నారు, తప్పు ఒక్క సెంటర్‌ది కాదు. సింగరాయకొండ, టంగుటూరు వైపు వాళ్లు ఒకసారి ఒంగోలులో, ఒకసారి నెల్లూరులో, ఇంకోసారి పెద్దాసుపత్రి కోసం చెన్నై పోయినప్పుడు అక్కడ తీయిస్తారు. మూడు మెషీన్లు, మూడు మందాలు, తల మూడు కోణాల్లో. ఒకదాంట్లో చుక్క ఉండి మరొకదాంట్లో లేకపోతే అది జబ్బా, కోణమా అన్నది ఎవరూ చెప్పలేరు. ఒకే మెషీన్, ఒకే కాయిల్ (తలకు తొడిగే పంజరం), ఒకే సీక్వెన్సులు, స్లైసులు కార్పస్ కెలోసమ్ (మెదడు రెండు సగాలను కలిపే కట్ట) అడుగు గీతకు సమాంతరంగా. ఇది పట్టుకుంటే 1.5 టెస్లా అయినా పనికొస్తుంది. మందు మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలలకు కొత్తగా ఒక ఆధార స్కాన్ తీసి, ఆ తర్వాత దానితోనే ఏటా పోల్చాలి. మందు పని మొదలుపెట్టకముందు వచ్చిన మచ్చలను మందు ఖాతాలో వేయకుండా ఉండడానికి ఇది.

మెదడు పరిమాణం తగ్గుదల గురించి కూడా రోగులు అడుగుతుంటారు. చికిత్స లేని ఎం.ఎస్.లో ఏడాదికి సుమారు 0.5 నుంచి 1.35 శాతం తగ్గుతుంది, ఆరోగ్యవంతుల్లో 0.1 నుంచి 0.3. ఈ తేడా ఎంత చిన్నదంటే, రోగి ఆ రోజు నీళ్లు తక్కువ తాగినా కొలత మారిపోతుంది. ఈ సెంటర్ రిపోర్టుల్లో "వయసుకు తగ్గ మెదడు పరిమాణం" అని ఉండే వాక్యం కంటిచూపుతో రాసింది, కొలిచి కాదు. దాని మీద ధైర్యమూ వద్దు, దిగులూ వద్దు.

సీడీ విషయంలో గట్టిగా ఉండాలి. అడగకపోతే ఇక్కడ ఇచ్చే సీడీలో మామూలు ఫొటో ఫైళ్లే ఉంటాయి. వాటిని తిప్పి చూడలేం, కొలవలేం, పాతదానితో జోడించలేం. "డైకామ్ సీడీ కావాలి, అన్ని సీక్వెన్సులతో" అని, అంటే మెషీన్ తీసిన అసలు ఫైళ్లు కావాలని కౌంటర్లో చెబితే అరగంటలో చేసిచ్చారు. ఇంటికొచ్చాక దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించుకోండి. మన వేడికి, చెమ్మకు సీడీలు ఎక్కువకాలం నిలవవు.

స్కాన్ చెప్పలేనిదాన్ని చెప్పే ఒక చౌక పరీక్ష ఉంది, దీనికి మెషీన్ అక్కర్లేదు. ఎస్‌డీఎంటీ అంటారు. కాగితం పైన తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి ఒక అంకె. కింద వరుసగా గుర్తులే ఉంటాయి, వాటి అంకెలను రోగి గబగబా పైకి చెబుతూ పోవాలి. 90 సెకన్లలో ఎన్ని సరిగ్గా చెప్పారన్నదే మార్కు. అంకెలే కాబట్టి తెలుగులో చెప్పొచ్చు, ఇంగ్లిష్ చదువు అక్కర్లేదు. కిందటిసారి కంటే నాలుగు మార్కులు తగ్గితే పట్టించుకోవాల్సిందే. కళ్లద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే చేయాలి. రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం ఉన్నా ఆ రోజు చేయకూడదు. న్యూరాలజిస్టు దగ్గర ఏటా ఈ పరీక్ష చేయించి, మార్కు స్కాన్ రిపోర్టు మీదే రాయించుకోండి. కార్టెక్స్ పని తగ్గుతోందని రోగి చెప్పే మాటకు కాగితం మీద ఆధారం అదే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి పోయేటప్పుడు నడక ఒక్కటే కాకుండా ఈ మార్కులు కూడా చూపించాలి.

బుకింగ్ గురించి ఒక సూచన. ఎండాకాలంలో ఈ సెంటర్ మధ్యాహ్నం స్లాట్లు సులువుగా దొరుకుతాయి, తీసుకోవద్దు. ఒంట్లో వేడి కొంచెం పెరిగినా మైలిన్ పోయిన తంతువులో సంకేతం ఆగిపోతుంది. ఉథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే దీన్ని గమనించి రాశాడు. కావలి నుంచో ఆత్మకూరు నుంచో మే నెల ఎండలో బస్సెక్కి వచ్చిన మనిషికి మెట్ల దగ్గరే కాళ్లు తేలిపోతాయి, చూపు మసకబారుతుంది, ఇంట్లోవాళ్లు రిలాప్స్ వచ్చిందని హడలిపోతారు. చల్లటి గదిలో కూర్చుని నీళ్లు తాగితే కాసేపట్లో తగ్గిపోతే అది వేడి, కొత్త దాడి కాదు. ఇరవైనాలుగు గంటలు దాటినా తగ్గకపోతే, జ్వరం గానీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ గానీ లేవని తేల్చుకుని డాక్టరుకు ఫోన్ చేయాలి. పొద్దున ఏడు గంటల స్లాట్‌కు ముందురోజే ఫోన్ చేసి, "ఎం.ఎస్. ఫాలోఅప్, త్రీడీ ఫ్లెయిర్, డీఐఆర్ రెండూ కావాలి, కాంట్రాస్ట్ వద్దు, పోయినసారి కొలతలతోనే" అని చెప్పి రాయించుకోండి. పాత డైకామ్ పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లి, రిపోర్టు రాసే రేడియాలజిస్టుకు అందేలా కౌంటర్లో రసీదు మీద రాయించండి. బల్ల మీద వదిలేసి వస్తే అది అక్కడే ఉండిపోతుంది.